సీసీలో లాయర్ ఉంటే చాలా?

ఒక ఈమెయిల్ ఊహించుకోండి. ఒక మేనేజర్ పక్క టీమ్ మేనేజర్‌కి రాస్తున్నాడు. విషయం పూర్తిగా వ్యాపారమే: ఫోన్లు తయారుచేసే కంపెనీకి ఆదాయంలో ఎంత వాటా ఇస్తే మన యాప్ ముందు పేజీలో ఉంటుంది, పోటీవాళ్లది వెనక్కి పోతుంది, దానికయ్యే ఖర్చు ఎంత, లాభం ఎంత. సబ్జెక్ట్ లైన్‌లో పెద్దక్షరాలతో "ప్రివిలేజ్డ్" అని ఉంటుంది. సీసీలో కంపెనీ లాయర్ పేరు ఉంటుంది. చివర్లో ఒక ముక్క: "దీనిమీద మీ న్యాయ సలహా కావాలి." లాయర్ జవాబివ్వడు, అసలు తెరిచి చూశాడో లేదో కూడా తెలియదు, జవాబు రాలేదని మేనేజర్ ఎదురు చూసేదీ లేదు. నాలుగేళ్ల తర్వాత ప్రభుత్వం కేసు వేసి కాగితాలు అడిగినప్పుడు ఆ ఈమెయిల్ మాత్రం బయటికి రాదు. ఎందుకయ్యా అంటే, అది లాయర్‌తో జరిగిన రహస్య సంభాషణ.

ఇది గాల్లోంచి పుట్టించిన ఉదాహరణేమీ కాదు. గూగుల్ మీద 2020 అక్టోబర్‌లో సెర్చ్ గుత్తాధిపత్యం కేసు వేసిన అమెరికా న్యాయశాఖ, 2022 మార్చిలో కోర్టుకి దాదాపు ఇదే చెప్పింది. "కమ్యూనికేట్ విత్ కేర్", అంటే జాగ్రత్తగా మాట్లాడండి అనే పేరుతో గూగుల్ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చిందనీ, ఆదాయ వాటా ఒప్పందాల లాంటి సున్నితమైన విషయాల మీద రాసేటప్పుడు లాయర్‌ని చేర్చండి, ప్రివిలేజ్ ముద్ర వేయండి, సలహా అడిగినట్టు ఒక వాక్యం పెట్టండి అని అందులో నేర్పిందనీ ఆరోపణ. ఇలా సీసీలో ఉండి ఏమీ మాట్లాడని లాయర్‌కి న్యాయశాఖ పెట్టిన పేరు భలే సరిపోయింది: మౌన లాయర్. గూగుల్ ఒప్పుకోలేదు. మా ఉద్యోగులు నిజంగానే సలహా అడుగుతారు, ఇలాంటి శిక్షణ పెద్ద కంపెనీలన్నిట్లో ఉండేదే, లక్షల డాక్యుమెంట్లు ఇప్పటికే ఇచ్చాం కదా అంది. అందరూ ఇస్తారు అన్న ఆ రెండో మాటలో నిజం ఉంది. అసలు కంగారు పెట్టే సంగతి కూడా అదే.

ఈ ప్రివిలేజ్ అనేది ఏంటో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే దాని గురించి చాలామందికి ఉన్న అభిప్రాయం సగం తప్పు. మనిషి లాయర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పగలగాలి. చెప్పింది రేపు కోర్టులో తన మీదికే వస్తుందంటే ఎవడూ నిజం చెప్పడు, నిజం తెలియని లాయర్ సరైన సలహా ఇవ్వలేడు. అందుకని న్యాయ సలహా కోసం క్లయింటుకీ లాయరుకీ మధ్య రహస్యంగా నడిచిన మాటలను బయటపెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదు అన్నది నియమం. ఇంగ్లాండ్ కోర్టుల్లో కొన్ని వందల ఏళ్ల నుంచి ఉంది. ఒంటరి మనిషి రాజ్యం ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు చాలా విలువైన రక్షణ, దాన్ని తీసేయాలనే వాళ్లెవరూ లేరు, ఉండకూడదు కూడా.

కానీ ఇది కాపాడేది మాటని మాత్రమే. వాస్తవాన్ని కాదు. బ్రేకులు పనిచేయడం లేదని ఇంజనీర్‌కి తెలుసనుకోండి, ఆ సంగతి అతను లాయర్‌కి రాసిన ఉత్తరం రహస్యం కావచ్చు, కానీ "బ్రేకులు పనిచేయడం లేదని నీకు తెలుసా?" అని కోర్టులో అడిగితే అతను జవాబు చెప్పి తీరాలి. అలాగే ముందే ఉన్న కాగితాన్ని తీసుకెళ్లి లాయర్ బల్ల మీద పెడితే అది రహస్యం అయిపోదు, ఈ సంగతి అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే ఫిషర్ కేసులో చెప్పింది. ఇక పైన వేసిన ముద్ర సంగతంటారా, చట్టం దృష్టిలో దానికి విలువ దాదాపు లేదు. లోపల ఏముందన్నదే లెక్క.

మరి కంపెనీ అంటే ఎవరు? కంపెనీకి నోరు లేదు. దాని తరఫున లాయర్‌తో ఎవరు మాట్లాడితే అది "క్లయింటు మాట" అవుతుంది? చైర్మన్ మాట్లాడితేనా, గుమాస్తా మాట్లాడినా అవుతుందా? 1981కి ముందు అమెరికాలో చాలా కోర్టులు నిర్ణయాలు తీసుకునే పైస్థాయి వాళ్లకే ఈ రక్షణ అనేవి. అప్‌జాన్ అనే మందుల కంపెనీ కేసుతో అది మారిపోయింది. ఆ కంపెనీ విదేశీ శాఖ ఒకటి అక్కడి ప్రభుత్వ అధికారులకు డబ్బులిచ్చిందని ఆడిటర్లు పట్టుకున్నారు. కంపెనీ లాయర్లు ప్రపంచమంతా ఉన్న తమ మేనేజర్లకు ప్రశ్నపత్రాలు పంపి జవాబులు తెప్పించుకున్నారు. పన్నుల శాఖ ఆ జవాబులు ఇమ్మంది, కంపెనీ ఇవ్వనంది. సుప్రీంకోర్టు కంపెనీ వైపు నిలిచింది: కింది ఉద్యోగులు లాయర్‌కి చెప్పినదానికీ రక్షణ ఉంటుంది, ఎందుకంటే అసలు సమాచారం ఉండేది వాళ్ల దగ్గరే కదా అని. తర్కం తప్పు కాదు. కాకపోతే ఒక మనిషికీ అతని లాయరుకీ మధ్య ఉన్న చిన్న గది, ఆ తీర్పు తర్వాత లక్ష మంది ఉద్యోగులున్న భవనమంత అయింది. అదే తీర్పులో వాస్తవాలకు రక్షణ లేదు అని కూడా స్పష్టంగా ఉంది, దాన్ని మాత్రం కంపెనీలు అంత గట్టిగా గుర్తుపెట్టుకోలేదు.

ఇంకో విచిత్రం, ఈ హక్కు కంపెనీది, ఉద్యోగిది కాదు. లాయర్ ఉద్యోగిని కూర్చోబెట్టి విచారించే ముందు, నేను కంపెనీ లాయర్‌ని, నీ లాయర్‌ని కాదు, ఈ మాటలు రహస్యంగా ఉంచాలా బయటపెట్టాలా అన్నది కంపెనీ ఇష్టం అని చెప్పాలి. దాన్నే అప్‌జాన్ హెచ్చరిక అంటారు. అంటే ఉద్యోగి నోరు విప్పి చెప్పింది కంపెనీకి అవసరమైతే ప్రభుత్వం చేతిలో పెట్టొచ్చు, అవసరం లేకపోతే తాళం వేసుకోవచ్చు. మనిషి ధైర్యంగా నిజం చెప్పడానికి పుట్టిన నియమంలో, చెప్పిన మనిషికే ఏ రక్షణా లేకుండా పోయింది.

దుర్వినియోగం గురించి మాట్లాడితే సిగరెట్ కంపెనీల దగ్గరికి వెళ్లక తప్పదు. ఈ ఆటని కనిపెట్టింది వాళ్లే అని చెప్పలేం గానీ, అంతకాలం అంత పద్ధతిగా ఆడినవాళ్లు మాత్రం అరుదు. పొగాకు ఆరోగ్యానికి చేసే చేటు మీద నిష్పక్షపాతంగా పరిశోధన చేయిస్తామని 1954లో ఒక సంస్థ పెట్టారు, తర్వాత దాని పేరు కౌన్సిల్ ఫర్ టొబాకో రీసెర్చ్ అయింది. అందులో "స్పెషల్ ప్రాజెక్టులు" అని ఒక వర్గం. ఏ శాస్త్రవేత్తకి డబ్బివ్వాలి, ఏ ప్రశ్న మీద పని చేయించాలి అన్నది అక్కడ తేల్చింది శాస్త్రవేత్తలు కాదు, కంపెనీల లాయర్లు. ఫలితం కంపెనీకి పనికొస్తే పత్రికలో వస్తుంది. పనికిరాకపోతే? లాయర్ పర్యవేక్షణలో జరిగిన పని కాబట్టి అది న్యాయపరమైన రహస్యం. ల్యాబ్‌లో జరిగిన ప్రయోగం కాస్తా లాయర్ ఫైల్లోకి చేరిపోయింది.

బ్రౌన్ అండ్ విలియమ్‌సన్ అనే కంపెనీలో 1985లో లాయర్ ఒకరు రాసుకున్న మెమో బయటపడింది. పరిశోధన ఫైళ్లలో కొన్నిటిని "ఎండు కట్టెలు" అని పేరు పెట్టి ఏరేసి, ఇంగ్లాండ్‌లో ఉన్న మాతృసంస్థకు పంపేయాలి, ఈ పని గురించి ఎవరూ నోట్లు గానీ జాబితాలు గానీ రాయకూడదు అన్నది దాని సారాంశం. ఎవరూ ఏమీ రాయొద్దు అన్న సంగతిని ఆయన మాత్రం శుభ్రంగా కాగితం మీద పెట్టాడు! ఇలాంటి కేసులు చదివేటప్పుడు ఇది పదేపదే కనిపిస్తుంది: దాచమని చెప్పే కాగితమే చివరికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం.

1992లో న్యూజెర్సీలో జడ్జి సరోకిన్, హెయిన్స్ కేసులో, పొగాకు కంపెనీల రహస్య పత్రాలు బయటికి రావాల్సిందే అంటూ చాలా ఘాటుగా రాశారు. ఫలితం ఏమైందంటే పై కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, ఆయన నిష్పక్షపాతంగా లేరనిపించేలా ఉందని కేసునే ఆయన చేతిలోంచి తీసేసింది. దాచినవాళ్ల కంటే దాచారన్న జడ్జికే ముందు దెబ్బ తగిలింది. మిన్నెసోటా రాష్ట్రం 1994లో వేసిన కేసు మాత్రం వేరేలా నడిచింది. అక్కడ ప్రివిలేజ్ పేరుతో ఆపిన దాదాపు 39 వేల డాక్యుమెంట్లు ఇచ్చేయాలని కోర్టు ఆదేశించింది, కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, 1998 ఏప్రిల్‌లో అక్కడా తలుపు మూసుకుంది. మే 8న, కేసు జ్యూరీ చేతికి వెళ్లే సమయానికి, 600 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి సెటిల్ చేసుకున్నారు. ఆ కాగితాలొక్కటే కారణం అనలేం, అప్పటికి చాలా కలిసొచ్చాయి. కానీ నాలుగేళ్లు ఎందుకు పోరాడారో అర్థమవడానికి ఆ తేదీలు చూస్తే చాలు.

2006లో జడ్జి గ్లాడిస్ కెస్లర్ పొగాకు కంపెనీలు దశాబ్దాలపాటు జనాన్ని మోసం చేశాయని 1,600 పేజీలకు పైగా తీర్పు రాశారు. అందులో లాయర్ల మీద ప్రత్యేకంగా ఒక మాట అన్నారు: ఈ మోసంలో అడుగడుగునా లాయర్లది కేంద్ర పాత్ర, గౌరవప్రదమైన వృత్తి చరిత్రలో ఇది విచారకరమైన అధ్యాయం అని. జడ్జి కూడా అదే వృత్తిలోంచి వచ్చిన మనిషే కదా, రాసేటప్పుడు ఆ నొప్పి ఎంతో కొంత ఉండే ఉంటుంది.

సరే, పొగాకు వాళ్లది పచ్చి మోసం. చాలా కంపెనీల్లో జరిగేది అంత నాటకీయంగా ఉండదు, అందుకే పట్టుకోవడం ఇంకా కష్టం. మెర్క్ కంపెనీ వయాక్స్ అనే నొప్పి మాత్రని 2004లో గుండెపోటు ముప్పు కారణంగా మార్కెట్‌లోంచి వెనక్కి తీసుకుంది, వేల కేసులు పడ్డాయి. దాదాపు 30 వేల డాక్యుమెంట్ల మీద కంపెనీ ప్రివిలేజ్ అంది. వాటిలోంచి తీసిన నమూనాని పరిశీలించడానికి కోర్టు ఈ విషయంలో పుస్తకాలు రాసిన ప్రొఫెసర్ పాల్ రైస్‌ని స్పెషల్ మాస్టర్‌గా, అంటే జడ్జి తరఫున పత్రాలు చూసిపెట్టే మనిషిగా, పెట్టింది. అక్కడ కంపెనీ వాదన వినడానికి బాగుంటుంది: మందుల రంగంలో ప్రతి అడుగుకీ చట్టాలున్నాయి, ప్రకటనలో ఒక్క మాట తేడా వచ్చినా ఔషధ నియంత్రణ సంస్థ పట్టుకుంటుంది, కాబట్టి మా లాయర్లు చూసే ప్రతిదీ న్యాయ సలహాయే. అంటే జనం ప్రాణాలు కాపాడ్డానికి ఎన్ని ఎక్కువ నియమాలు పెడితే కంపెనీకి అంత ఎక్కువ దాచుకునే హక్కు అన్నమాట! స్పెషల్ మాస్టర్ దీన్ని ఒప్పుకోలేదు, ఆ లెక్కన ఈ రంగంలో లోపలి సంభాషణ దాదాపు అంతా తాళంలోకి పోతుంది అన్నారు. ఇంకో పనికొచ్చే మాట కూడా తేల్చారు. ఒకే ఈమెయిల్‌ని ఒకేసారి లాయరుకీ, మార్కెటింగ్ వాళ్లకీ, శాస్త్రవేత్తలకీ "చూసి చెప్పండి" అని పంపితే, దాని ప్రధాన ఉద్దేశం న్యాయ సలహా అనడం కష్టం. లాయర్ అక్కడ పదిమందిలో ఒకడు.

ఈ ప్రధాన ఉద్దేశం అన్న దగ్గరే అసలు గొడవంతా. కంపెనీ లోపల జీతానికి పనిచేసే లాయర్‌కి ఇప్పుడు రెండు మూడు టోపీలుంటాయి: జనరల్ కౌన్సెలే, అంటే కంపెనీ లాయర్లందరికీ పెద్దే, కంపెనీ సెక్రటరీ, ఆయనే నిబంధనల అమలు చూసేది, బోర్డులో వ్యూహం మాట్లాడేదీ ఆయనే. ఒకే ఈమెయిల్‌లో చట్టమూ ఉంటుంది, వ్యాపారమూ ఉంటుంది. వాషింగ్టన్ అప్పీలు కోర్టు 2014లో న్యాయ సలహా "ముఖ్యమైన ఉద్దేశాల్లో ఒకటి" అయితే చాలు అంది (ఆ తీర్పు రాసింది ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న జస్టిస్ కవనా). పడమటి తీరంలోని తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2021లో, అలా కాదు, ప్రధాన ఉద్దేశం అదే అయ్యుండాలి అన్న పాత కొలతనే పట్టుకుంది. సుప్రీంకోర్టు ఈ తేడా తేల్చడానికి కేసు తీసుకుంది, 2023 జనవరి 9న వాదనలు విన్నది, రెండు వారాల్లో, 23న, దీన్ని మేం తీసుకోకుండా ఉండాల్సింది అని ఒక్క వాక్యంతో కొట్టేసింది. కాబట్టి ఒకే ఈమెయిల్ ఒక ఊరి కోర్టులో రహస్యం, ఇంకో ఊరి కోర్టులో సాక్ష్యం కావచ్చు. ఇంత మసక ఉంటే దాన్ని వాడుకోని కంపెనీ ఉంటుందా?

ఐరోపా వాళ్లు ఈ ముడిని మొరటుగా తెంచేశారు. అక్జో నోబెల్ కేసులో 2010లో ఐరోపా న్యాయస్థానం, ఐరోపా యూనియన్ పోటీ చట్టం కింద జరిగే దర్యాప్తుల్లో కంపెనీ లోపలి లాయర్‌తో మాట్లాడినదానికి ఈ రక్షణ లేదు అంది. కారణం సూటిగానే చెప్పింది: జీతమిచ్చే యజమానికి కట్టుబడి ఉన్నవాడికి బయటి లాయర్‌కి ఉండే స్వతంత్రత ఉండదు. భారత సుప్రీంకోర్టు కూడా 2025 అక్టోబర్ 31న, లాయర్లను దర్యాప్తు సంస్థలు పిలవడం మీద ఇచ్చిన తీర్పులో, కోర్టుల్లో ప్రాక్టీసు చేయని ఇన్‌హౌస్ లాయర్లకు లాయర్-క్లయింట్ మాటలకు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ వర్తించదని చెప్పింది, 134వ సెక్షన్ కింద ఉన్న పరిమితమైన రక్షణ మాత్రం మిగిలింది. ఈ పద్ధతికీ నష్టం ఉంది, కాదనలేం. లోపలి లాయర్‌ని అడగడమే ప్రమాదమైతే మేనేజర్లు అడగడం మానేస్తారు, తప్పుని మొదట్లోనే ఆపగలిగే మనిషి ఆయనే. అయినా అమెరికా పద్ధతిలో ఏం జరుగుతోందో చూశాక, ఐరోపా వాళ్ల అనుమానం మరీ అతి అనిపించదు.

ముద్ర వేయడం సరే, దాన్ని పట్టుకునే దారి లేదా? ఉంది, కాగితం మీద. అమెరికా సివిల్ నియమాల ప్రకారం ఏదైనా ఆపితే దేన్ని ఆపారో, ఎందుకు ఆపారో అవతలివాళ్లకు అర్థమయ్యేలా రాసివ్వాలి. దాన్ని ప్రివిలేజ్ లాగ్ అంటారు. తేదీ, ఎవరు ఎవరికి రాశారు, ఒక్క లైను వివరణ. ఆ వివరణ ఎలా ఉంటుందంటే: "న్యాయ సలహా కోరుతూ రాసిన ఈమెయిల్". తర్వాతి వరుసలో కూడా అదే, ఆ తర్వాతి వెయ్యి వరుసల్లోనూ అదే. కాగితం చూడకుండా అది అబద్ధమని చెప్పడం ఎలా, అబద్ధమని చెప్పకుండా కాగితం చూపించమనడం ఎలా? పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని మార్కులు మాత్రం మనకు పంపుతున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఇందులో అన్నీ కుట్రలే అనుకోవద్దు, అదీ చెప్పాలి. లక్షల డాక్యుమెంట్లని గంటల లెక్కన పనిచేసే జూనియర్ లాయర్లు చూస్తారు. సాఫ్ట్‌వేర్‌కి లాయర్ల పేర్ల జాబితా ఇస్తారు, ఆ పేరు ఎక్కడ కనిపించినా పక్కన పెడుతుంది. అనుమానం వస్తే ఇచ్చేయడం కంటే ఆపేయడం సేఫ్, ఎందుకంటే నిజమైన రహస్యం ఒకటి పొరపాటున జారిపోతే ఉద్యోగం పోతుందన్న టెన్షన్, అనవసరంగా వంద ఆపినా ఎవరూ ఏమీ అనరు. పొరపాటున ఇచ్చినవి వెనక్కి తీసుకునే వీలు 2008లో చట్టంలోకి వచ్చింది, అయినా ఆ భయం పోలేదు. ఒక్కొక్కరి బద్ధకం, భయం అన్నీ కలిసి చివరికి కంపెనీకి పనికొచ్చే గుట్ట తయారవుతుంది. అలాంటి గుట్టలో నిజంగా దాచాలనుకున్న ఇరవై కాగితాలు ఉన్నా, చూసేవాడికి తేడా తెలియదు.

దాచడానికి ఇంకో దారి, దర్యాప్తునే లాయర్ చేత చేయించడం. క్యాపిటల్ వన్ బ్యాంకులో 2019లో దాదాపు 10 కోట్ల మంది అమెరికన్ల వివరాలు దొంగల పాలయ్యాయి. ఎలా జరిగిందో తేల్చే పని మాండియంట్ అనే సైబర్ భద్రతా సంస్థ చేసింది, కానీ ఒప్పందం లాయర్ల పేరుతో రాయించారు, నివేదిక లాయర్లకే అన్నారు. ఖాతాదారులు కేసు వేసి నివేదిక అడిగితే ఇది వ్యాజ్యం కోసం తయారుచేసింది, ఇవ్వం అన్నారు. 2020లో వర్జీనియా కోర్టు నమ్మలేదు. ఆ సంస్థతో ఇలాంటి పనికే బ్యాంకుకి ముందునుంచీ ఒప్పందం ఉంది, కొత్త ఒప్పందంలో పని కూడా దాదాపు అదే, నివేదిక చూస్తే 50 మంది దాకా ఉద్యోగులకు, నియంత్రణ సంస్థలకు, ఆడిటర్‌కి చేరింది. లాయర్ లేకపోయినా ఎలాగూ రాయించుకునే నివేదికే కదా, ఇచ్చేయండి అంది. మంచి తీర్పే. దాని తర్వాత సైబర్ కేసులు చూసే లాయర్ల ఆఫీసులు క్లయింట్లకు ఇచ్చిన సలహాలు ఏంటో తెలుసా? వేరే ఒప్పందం రాయించండి, డబ్బు లీగల్ బడ్జెట్‌లోంచి ఇవ్వండి, నివేదిక తక్కువమందికి చూపించండి, వీలైతే అసలు రాతపూర్వకంగా వద్దు.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. తప్పుగా ప్రివిలేజ్ అని ఆపి దొరికిపోతే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. ఆ కాగితం ఇచ్చేయమంటారు, అంతే. అంటే మొదటే ఇవ్వాల్సినదాన్ని ఏడాది ఆలస్యంగా ఇస్తారు. ఆ ఏడాదిలో వ్యాపారం నడుస్తూనే ఉంటుంది, అవతలివాడి దగ్గర డబ్బు అయిపోతూ ఉంటుంది, సాక్షులు మర్చిపోతుంటారు. దొంగతనం చేసి దొరికితే సొమ్ము తిరిగిచ్చేయడమే శిక్ష అయినచోట దొంగతనాలు ఎందుకు తగ్గుతాయి?

యాపిల్ కేసు ఈ లెక్కని అందరి ముందూ పెట్టింది. వీడియో గేమ్‌లు తయారుచేసే ఎపిక్ గేమ్స్ వేసిన కేసులో, యాప్ బయట కొనుక్కునే దారి చూపించకుండా డెవలపర్లని ఆపకూడదని 2021లో జడ్జి గొంజాలెజ్ రోజర్స్ ఉత్తర్వు ఇచ్చారు. 2024 జనవరిలో యాపిల్ దారి తెరిచింది గానీ బయటి కొనుగోళ్ల మీద కూడా 27 శాతం కమీషన్ పెట్టింది. ఆ నిర్ణయం లోపల ఎలా తీసుకున్నారో చూపించండి అని కోర్టు అడిగితే, వేల వేల పత్రాల మీద ప్రివిలేజ్ అన్నారు. వాటిని మళ్లీ పరిశీలించాల్సి వచ్చేసరికి దాదాపు 57 వేల డాక్యుమెంట్లలో 40 శాతానికి పైగా వాటి మీద ఆ మాట తామే వెనక్కి తీసుకున్నారు. పదింటిలో నాలుగు తప్పు! ఏ ఉద్యోగంలోనైనా ఇంత తప్పు చేస్తే ఉంచుతారా? 2025 ఏప్రిల్ 30న జడ్జి యాపిల్‌ని కోర్టు ధిక్కారం కింద తప్పుపట్టారు, ఆలస్యమే లాభం అయిందన్న సంగతి సూటిగానే రాశారు, పత్రాలు చూసిన స్పెషల్ మాస్టర్ల ఖర్చూ, ఈ అంశం మీద ఎపిక్ లాయర్ల ఫీజూ యాపిలే కట్టాలన్నారు. ఇలాంటి శిక్ష అరుదు, అందుకే అంత చర్చ జరిగింది. కాకపోతే ఆ కమీషన్ మీద రోజూ వచ్చే ఆదాయం పక్కన ఆ ఫీజులు పెట్టి చూస్తే ఎటువైపు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రివిలేజ్‌ని బద్దలుకొట్టే ఆయుధం ఒకటి ఉంది, క్రైమ్-ఫ్రాడ్ మినహాయింపు. నేరం గానీ మోసం గానీ చేయడానికే లాయర్ సాయం తీసుకుంటే ఆ మాటలకి రక్షణ లేదు. ఇంగ్లాండ్‌లో 1884 నుంచీ గట్టిగా నిలబడిన సూత్రం. మిన్నెసోటాలో ఆ 39 వేల కాగితాల తాళం తీసింది ఇదే. జడ్జి తన గదిలో కూర్చుని పత్రాన్ని ఒంటరిగా చూడొచ్చని 1989లో జోలిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అయితే దానికి ముందు మోసం జరిగి ఉండొచ్చని నమ్మడానికి కొంత ఆధారం చూపించాలి. ఆ ఆధారం ఎక్కడుంటుంది? చాలాసార్లు ఆ పత్రంలోనే. పైగా ఇది మోసానికి పనికొచ్చే మందు, సోమరి సీసీలకి కాదు. లాయర్‌ని ఊరికే సీసీలో పెట్టడం మోసం కాదు, నేరం కాదు, కోపం తెప్పించే అలవాటు మాత్రమే.

నిజానికి కోర్టులు ఎక్కువ చేయక్కర్లేదు. అనుమానం వచ్చినప్పుడు కంపెనీ ఆపిన వాటిలోంచి ఒక వంద తీసి స్పెషల్ మాస్టర్ చేతిలో పెట్టి, అందులో ముప్పై తప్పు అని తేలితే మొత్తం గుట్టని కంపెనీ ఖర్చుతో మళ్లీ చూడమనొచ్చు. జవాబివ్వని లాయర్ ఉన్న ఈమెయిల్ న్యాయ సలహా కాదు అన్న ఊహతో మొదలుపెట్టి, అది నిజంగా సలహాయేనని నిరూపించే బరువు కంపెనీ మీద వేయొచ్చు. న్యాయశాఖ గూగుల్ కేసులో అడిగింది దాదాపు ఇదే. కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు, ఉన్న అధికారం వాడాలన్న మనసుండాలి. జడ్జిలకి ఆ మనసు తక్కువగా ఎందుకుంటుందో కూడా ఊహించొచ్చు: వాళ్లు లాయర్లుగా పనిచేసి వచ్చినవాళ్లు, అవతల నిలబడ్డ లాయర్ అబద్ధం రాశాడని తేల్చడం వాళ్లకి చేదు పని.

గూగుల్ సంగతి ఏమైందో చెప్పలేదు కదా. జడ్జి అమిత్ మెహతా ఆ మౌన లాయర్ల మీద న్యాయశాఖ అడిగిన ఆంక్షలు ఇవ్వలేదు. 2024 ఆగస్టు 5న సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధం అని తీర్పిస్తూ, పనికొచ్చే సాక్ష్యం ఏదో గుర్తించి భద్రపరచాల్సిన బాధ్యత ఉద్యోగుల నెత్తిన వేసే కంపెనీ ఆ ముప్పు తనే మోయాలనీ, ఈసారి గూగుల్ ఆంక్షలు తప్పించుకుంది, తర్వాతిసారి అంత అదృష్టం ఉండకపోవచ్చు అనీ రాశారు. ఆ తర్వాతిసారి ఎనిమిది నెలలకే వచ్చింది. 2025 ఏప్రిల్ 17న, వర్జీనియాలో, ప్రకటనల టెక్నాలజీ కేసులో జడ్జి లియోనీ బ్రింకెమా కూడా గూగుల్‌కి వ్యతిరేకంగానే తీర్పిచ్చారు. సాక్ష్యాలు కాపాడే నియమాలను గూగుల్ ఒక పద్ధతిగా పెడచెవిన పెట్టిందనీ, లాయర్-క్లయింట్ ప్రివిలేజ్‌ని దుర్వినియోగం చేసిందనీ, ఇది ఆంక్షలకి తగిన ప్రవర్తనే కావచ్చనీ ఈసారి పేరు పెట్టి మరీ రాశారు. ఆంక్షలు మాత్రం వేయలేదు. మిగిలిన సాక్ష్యంతోనే కేసు తేలిపోయింది కాబట్టి ఆ అవసరం రాలేదన్నారు.